దేముడు అచ్చుతప్పు కాదు

ముందు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో చెబుతాను. ఈ సంగతి విన్నవాళ్ళందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే.

నర్సీపట్నం బస్ కాంప్లెక్స్ దగ్గర, ఒక మేడ మెట్ల కింద ఇంటర్నెట్ సెంటర్. పొడవాటి ఇరుకు గది. తలుపు ఒకటే, కిటికీ లేదు. నాలుగు కంప్యూటర్లలో ఆ మధ్యాహ్నం ఒక్కటే పనిచేస్తోంది. దానికి రెండు చిన్న స్పీకర్లు, ఒక మైకు. టేబుల్ ఫ్యాను ఒకటి. ఉండుండి కీచుమనే యూపీఎస్ ఒకటి. ప్లాస్టిక్ కుర్చీలు మూడు. మనుషులు ముగ్గురం: నేను, నూకరత్నం గారు, గుమ్మం పక్కన కౌంటరులో సెంటర్ ఓనర్ సూరిబాబు గారు. లైన్ మీద ఇద్దరు: హైదరాబాద్ నుంచి శేషగిరిరావు గారు, నెల్లూరు నుంచి వసుంధర గారు. చిన్నపిల్లలు ఎవరూ లేరు.

2006 వానాకాలం. ఆదివారం, మధ్యాహ్నం. బయట వాన లేదు, మబ్బు మాత్రం ఉంది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. శబ్దం అంటే గాలిలో కదలిక. కదిలించేది ఏదో ఒకటి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. మూడు తరాలుగా మిషన్ చర్చికి వెళ్ళే ఇల్లు మాది. మా ఇంట్లో ప్రార్థన ఉంది గానీ దయ్యం మాట లేదు. చనిపోయినవాళ్ళు నిద్రపోతున్నారని, వాళ్ళని లేపే హక్కు మనది కాదని నాన్నమ్మ అనేది. నాకు అంత ఆలోచన కూడా ఉండేది కాదు. దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే ఆ ఇంటి వైరింగ్ ఎప్పటిదని అడిగేవాణ్ణి. ఈ రోజు అడిగినా అదే అడుగుతాను.

ఆ రోజుల్లో నేను సూరిబాబు గారి సెంటర్ చూసుకునేవాణ్ణి. ఖాళీ దొరికినప్పుడు కవితలు రాసేవాణ్ణి. ఇంటర్నెట్‌లో 'మాటసాయం' అని ఒక చిన్న గుంపు ఉండేది. అందరూ నాలాంటివాళ్ళే. బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, రిటైరైనవాళ్ళు. ఎవరి పేరూ పత్రికల్లో వచ్చింది కాదు. ఒకరి కంప్యూటర్లో తెలుగు ఇంకొకరి కంప్యూటర్లో పురుగుల్లా కనిపించేది కాబట్టి కవితలను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి ఈమెయిల్ చేసుకునేవాళ్ళం. వారమంతా అభిప్రాయాలు రాసుకుని, ఆదివారం మధ్యాహ్నం వాయిస్ చాట్‌లో కలిసేవాళ్ళం.

గుంపుకి రెండు నియమాలు ఉండేవి. ఊరికే 'బాగుంది' అనకూడదు, ఏ మాట బాగుందో చెప్పాలి. రెండోది శేషగిరిరావు గారు పెట్టింది. ఒక కవితలో ఒక మాట మార్చమని ఎవరైనా పట్టుబడితే, వాళ్ళే ఆ కవితను కవి రాసింది రాసినట్టుగా అందరి ముందూ పైకి చదవాలి. చదివాక కూడా ఆ మాట తప్పనిపిస్తేనే అభ్యంతరం నిలబడుతుంది. కంటికి తప్పనిపించినవి చాలా మాటలు నోటికి వచ్చేసరికి ఒప్పైపోతాయని ఆయన అనుభవం.

ఆయన మొహమాటపడే మనిషి కాదు. నా మొదటి కవిత మీద ఆయన రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "దయాకర్ గారూ, ఇది కవిత కాదు, సామాన్ల జాబితా. కానీ సామాన్లు బాగున్నాయి."

నూకరత్నం గారు మాకవరపాలెం దగ్గర పల్లెటూరు నుంచి వచ్చేవారు. ఆడపడుచు కూతురి టెన్త్ రిజల్టు చూపించుకోవడానికి మొదటిసారి వచ్చారు. పిల్ల పాసైంది. ఆవిడ మాత్రం కదలకుండా పక్క స్క్రీన్ మీద ఉన్న నా కవిత మొత్తం చదివారు.

"ఇది మీరే రాసేరేటండీ?"

అవునన్నాను.

"దీన్లో మనుసులెవరూ లేరేటి?" అన్నారు.

అప్పటికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పదో తరగతి చదివి, జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు తీసే పనికి వెళ్ళేవారు. జీడి తగిలి వేళ్ళ చివర్లు నల్లగా, పొట్టు లేచినట్టు ఉండేవి. వచ్చిన ప్రతిసారీ కీబోర్డు ముందు కూర్చోమంటే చేతులు చీరకొంగులో దాచుకునేవారు. "వద్దు మేస్టారూ, మీ మిషను మసైపోద్ది" అనేవారు. అందుకని ఆవిడ చెబితే నేను కొట్టేవాణ్ణి. నాకంటే పెద్దావిడ. బజారులో ఆ వయసువాళ్ళందరూ నన్ను తమ్ముడూ అనే పిలుస్తారు. ఆవిడ మాత్రం ఎప్పుడూ మేస్టారూ అనే అనేవారు. కంప్యూటర్ తెలుసని మర్యాద అనుకునేవాణ్ణి.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉండేవారు. సూరిబాబు గారికి మా వ్యవహారం పెద్ద వినోదం. "గంటకింత అని కట్టి కన్నీళ్ళు పెట్టుకోడమేటే రత్నం? ఆ డబ్బుల్తో సినిమాకెల్తే హాయిగా ఏడుస్తావు కదా!" అనేవారు. "సినిమాలో ఎవులి ఏడుపో ఏడవాలి సూరిబాబు గారూ. ఇక్కడ నా ఏడుపు నాదే" అనేవారు ఆవిడ. ఇద్దరూ నవ్వేవారు. ఆవిడ దగ్గర డబ్బు తీసుకోవద్దని ఆయన నాకు ఎప్పుడో చెప్పేశారు. లెక్క తర్వాత చూద్దామని నేను దాటేసేవాణ్ణి, ఆవిడకి అసలు సంగతి తెలియనట్టే ఉండేవాళ్ళం.

ఆ జులైలో ఆవిడ చెప్పిన కవిత ఇది. ఇంకే కవితా నాకు కంఠతా రాదు.

కంచంలో అన్నం చల్లారిపోతోంది,
దేముడా, బేగి రా.
గెడ్డ అవతల ఆడుకున్నది చాలు,
నిక్కరు జేబులో జీడిపిక్కలు నానిపోతాయి,
దేముడా, బేగి రా.
ఈ వాన నీ పేరు నేర్చుకోకముందే
దేముడా, బేగి రా.

గెడ్డ అంటే మా వైపు వాగు. బేగి అంటే త్వరగా. నేను కొట్టి పంపేశాను.

మంగళవారం శేషగిరిరావు గారి అభిప్రాయం వచ్చింది. అంత పొడుగు అభిప్రాయం ఆయన ఎవరికీ రాయలేదు. భగవంతుణ్ణి అన్నానికి పిలవడం మన సంప్రదాయంలో ఉన్నదేనని, కానీ దేవుడికి నిక్కరు తొడిగి, జేబులో జీడిపిక్కలు పోసిన సాహసం తాను ఎక్కడా చూడలేదని రాశారు. 'బేగి' మాండలికపు సొగసని, ముట్టుకోవద్దని అన్నారు. చివర్లో ఒక్క సవరణ: "మూడు చోట్లా దేముడా అని పడింది. దేవుడా అని ఉండాలి. కొట్టేటప్పుడు v బదులు m పడినట్టుంది. ఒకే వరసలో అక్షరాలు కదా, వేలు జారి ఉంటుంది."

వసుంధర గారు ఆ ఏడాది గుంపు సంకలనం వేసే పనిలో ఉన్నారు. ఆవిడ వెంటనే రాశారు: సవరణతో ఈ కవితను పుస్తకంలో మొదటి పేజీకి తీసుకుంటున్నానని.

ఆ ఆదివారం రెండు ఉత్తరాలూ నూకరత్నం గారికి చదివి వినిపించాను. నిక్కరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. చివరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"దేముడు మా తమ్ముడండీ" అన్నారు.

మా వైపు దేవుణ్ణి దేముడనే అంటారు. ఆ పేరు మగపిల్లలకి పెట్టుకుంటారు కూడా. మా వీధిలోనే ఇద్దరున్నారు. అయినా కొట్టేటప్పుడు నాకు స్ఫురించలేదు. దేవుడి పాటలు విని పెరిగినవాణ్ణి కాబట్టి, అది ప్రార్థనే అనుకున్నాను.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళ కిందటి సంగతి. గెడ్డ అవతల జీడితోటలో పిక్కలు ఏరుకోవడానికి వెళ్ళాడు. కొండల మీద వాన పడి గెడ్డ పొంగింది. అన్నం వేళైందని ఈవిడ ఇవతలి గట్టు మీద నిలబడి పిలిచింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. జవాబు లేదు. కాసేపటికి వాడు నీళ్ళలోకి దిగడం కనిపించింది. తర్వాత కనిపించలేదు. మర్నాడు కింద ఊరివాళ్ళకి దొరికాడు.

"నువ్వు పిలిసేవు కాబట్టే దిగేడు అని మాయమ్మ సచ్చిపోయేదాకా అనీది" అన్నారు. "కాదు మేస్టారూ. నా పిలుపు వాడికి ఇనబళ్ళేదు. గెడ్డ హోరు అలగుంది. ఇనబడితే పలికీవోడు కాదా? పలకలేదు కాబట్టి ఇన్లేదు. వాడంతట వాడే దిగేడు. అదొక్కటే నా ధైర్యం."

తర్వాత ఇంకో మాట అన్నారు. వాడి ఫొటో ఒక్కటి కూడా లేదు. తండ్రి ముందే పోయాడు, ఇప్పుడు తల్లీ పోయింది. వాణ్ణి ఆ పేరుతో పిలిచిన ఇంటివాళ్ళలో ఈ భూమ్మీద తను ఒక్కతే మిగిలింది. తనూ పోతే ఆ పేరు కూడా పోతుంది. పుస్తకంలో ఉంటే చదివినవాళ్ళు ఎవరో ఒకరు నోటితో అంటారు కదా. ఆవిడ అడిగింది అంతే.

"బళ్ళో మేస్టారు కూడా దేవుడు అని దిద్దీసేరండి. వాడు హాజరు పలికీవోడు కాదు. దెబ్బలు తినీవోడు గానీ పలికీవోడు కాదు. అది నా పేరు కాదు అనీవోడు."

నేను అంతా వివరంగా గుంపుకి రాస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. చచ్చిపోయిన పిల్లాడని తెలిస్తే జాలిపడి వేస్తారు, జాలికి వేస్తే అది కవిత కాదు అన్నారు. "పేరని రాయండి. అంతకన్నా వద్దు." అంతే రాశాను. అది ఒక పిల్లవాడి పేరని, అచ్చుతప్పు కాదని. వాడు బతికున్నాడో లేడో, ఈవిడకి ఏమవుతాడో రాయలేదు. కవితలోనూ ఆ సంగతి లేదు.

శేషగిరిరావు గారు మెత్తబడలేదు. మర్యాదగానే రాశారు. ఉత్తరాంధ్ర బయట ఎవరు చదివినా దాన్ని అచ్చుతప్పు అనే అనుకుంటారని, మంచి కవితకి మొదటి పేజీలోనే ఆ అన్యాయం జరగకూడదని. కావాలంటే కింద గీత గీసి అర్థం రాద్దామని వసుంధర గారు మధ్యేమార్గం చెప్పారు.

"పేరుకి అర్థమేటండీ?" అన్నారు నూకరత్నం గారు. "మీ పేరు కింద రాసుకుంటారేటి?"

ఇక రెండో నియమమే మిగిలింది. వచ్చే ఆదివారం శేషగిరిరావు గారు ఆ కవితను ఆవిడ రాసింది రాసినట్టు చదవాలి.

వాయిస్ చాట్ ఎలా పనిచేసేదో ఇక్కడ చెప్పాలి. ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే వాళ్ళ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆ చుక్క ఉన్నంతసేపూ మిగతావాళ్ళ మైకులు మూసుకుపోతాయి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి గొంతు కలవడానికి వీల్లేదు. రాలేనివాళ్ళ కోసం నేను ప్రతి ఆదివారం సంభాషణ మొత్తం కంప్యూటర్లో రికార్డు చేసేవాణ్ణి. ఆ రోజూ చేశాను.

శేషగిరిరావు గారి పేరు పక్కన చుక్క వెలిగింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. మొదటి 'దేముడా' ఆయన నోట్లో రాయిలా తగిలింది. 'ము' దగ్గర కాస్త ఆగి, నొక్కి పలికారు. నూకరత్నం గారు స్పీకరు వైపు వంగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. రెండోసారి ఆ మాట మామూలుగానే వచ్చింది. వాన దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. మూడోసారి ఆయన చదవలేదు. పిలిచారు. ఎలాగంటే, వీధి చివర ఉన్న పిల్లాడిని ఇంట్లోంచి పిలిచినట్టు.

"దేముడా, బేగి రా."

"వత్తన్నానప్పా."

చిన్నపిల్లవాడి గొంతు. భయపెట్టేలా ఏమీ లేదు. ఆటలో ఉన్నవాడు తల తిప్పకుండా, కాస్త విసుగ్గా పలికినట్టుంది. నాకు స్పష్టంగా వినిపించింది.

సూరిబాబు గారు కౌంటరులోంచి గుమ్మం వైపు తిరిగి, "ఎవడ్రా ఆ గుంటడు? గేమ్సు లేవీయేళ, ఎల్లెల్లు!" అని అరిచారు. లేచి బయటికి తొంగి చూశారు. మెట్లు చూశారు. రోడ్డు చూశారు. "ఏడీ?" అని నన్నే అడిగారు.

స్పీకర్లో శేషగిరిరావు గారు ఇంకా బటన్ వదల్లేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఎవరండీ?" అన్నారు. ఆ మాట మమ్మల్ని అడిగింది కాదు. ఆయన గదిలో ఎవరినో అడిగారు. అప్పుడు చుక్క ఆరిపోయింది.

వెంటనే వసుంధర గారి చుక్క వెలిగింది. "శేషగిరి గారూ, మీ ఇంట్లో అరవవాళ్ళ పిల్లలు ఎవరైనా ఉన్నారా? అప్పా అని ఎవరో నాన్నని పిలిచారు?"

"మా ఇంట్లో ఎవరూ లేరమ్మా. మా ఆవిడ పెళ్ళికి వెళ్ళింది. నాకు వెనక నుంచి వినిపించింది. వస్తున్నాను నాన్నా అన్నట్టుగా. తలుపు గడియ వేసే ఉంది."

మా వైపు పల్లెల్లో అప్ప అంటే అక్క.

ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు. కవితలో అప్ప అనే మాట ఎక్కడా లేదు. నేను మైకు ముట్టుకోలేదు.

నూకరత్నం గారు నా వైపు తిరిగారు. "ఏటంటన్నారు వాళ్ళు? అప్పా అన్నాడా? ఎవులు?"

"మీకు వినపడలేదా?" అన్నాను.

"నాకేటీ ఇనబళ్ళేదు మేస్టారూ. ఆయన సదవడం ఆపీసేరు, అంతే."

ఆవిడ కుర్చీ స్పీకరుకి నాకంటే దగ్గర. ఆవిడ చెవులు మంచివి. వెనక నుంచి సూరిబాబు గారు గొణిగే మాటలకి కూడా జవాబు చెప్పే మనిషి.

"మళ్ళీ ఒకపాలి సదవమనండి" అన్నారు.

నేను బటన్ నొక్కి ఆ మాట చెప్పాను. ఎందుకని అడగకుండా ఆయన మళ్ళీ చదివారు. ఇంకోసారి చదివారు. ఆ మూడో పిలుపు తర్వాత ప్రతిసారీ ఆగేవారు. ఫ్యాను చప్పుడు, యూపీఎస్ కీచు, బయట బస్సు హారను. ఇంకేమీ రాలేదు. సూరిబాబు గారు కూడా గుమ్మంలో నిలబడిపోయారు. నాలుగోసారి ఆయన గొంతు పట్టుకుపోయింది. అప్పుడు నూకరత్నం గారు మొదటిసారి తన చేత్తో బటన్ నొక్కారు. నల్లటి వేలు, తెల్లటి బటన్ మీద.

"సాల్లెండి బాబూ. గొంతు నొప్పెడద్ది" అన్నారు.

తర్వాత నా వైపు తిరిగి నవ్వబోయారు. "సిన్నప్పుడూ అంతేనండి ఎదవ. నాను పిలిత్తే పలికీవోడు కాదు. పరాయోళ్ళు పిలిత్తే పరిగెట్టీవోడు."

సూరిబాబు గారు సోడా తెప్పించారు. ఆవిడ తాగలేదు. మాకవరపాలెం ఆటోలు ఆగేచోటు దాకా నేను తోడు వెళ్ళాను. ఆటోలో జనం నిండేదాకా నిలబడ్డాం. ఎక్కి కూర్చున్నాక ఆవిడ నన్ను చూడకుండా అన్నారు:

"అయితే ఇన్నాడన్నమాట."

ఆటో వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నేను వెతకడం మొదలుపెట్టాను. ముందు రికార్డింగు. కవిత పూర్తిగా ఉంది. మూడో పిలుపు ఉంది. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో సూరిబాబు గారి అరుపు కూడా లేదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే మా మైకు మూసి ఉంది. తర్వాత "ఎవరండీ?" ఉంది. పిల్లవాడి గొంతు లేదు. శబ్దం పెంచి చూశాను. ఆ చోటును సాగదీసి, నెమ్మదిగా నడిపి చూశాను. ఫ్యాను లాంటి హోరు ఉంది, అది ఆ ఫైలు మొత్తంలోనూ ఉన్నదే.

తర్వాత శేషగిరిరావు గారికీ, వసుంధర గారికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఏం విన్నారో, ఎటు నుంచి విన్నారో రాయమన్నాను. ఇద్దరూ రాశారు. ఆయనకి వీపు వెనక నుంచి. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. కానీ ఆవిడకి హెడ్‌ఫోన్‌లోంచి కాదు, వంటింటి గుమ్మం నుంచి వినిపించింది. లైన్‌లోదే అయ్యుంటుందని తర్వాత అనుకున్నారట. ఇద్దరూ 'అప్పా' అనే రాశారు. ఇద్దరూ తండ్రిని పిలిచాడనే రాశారు. సూరిబాబు గారు మా గుమ్మంలో విన్నారు. ఆయన అసలు కవిత వినడం లేదు, లెక్కలు చూసుకుంటున్నారు.

నేను విన్నది స్పీకర్లోంచి కాదు. నా ఎడమ పక్క, నూకరత్నం గారి కుర్చీ ఉన్న వైపు నుంచి. టేబుల్ ఎత్తులో. ఈ ఒక్కటీ ఆవిడకి చెప్పలేదు.

వీధిలో పిల్లవాడు అరిచాడనుకుంటే హైదరాబాద్‌కీ నెల్లూరుకీ వినపడదు. లైన్‌లో ఏదో కలిసిందనుకుంటే సూరిబాబు గారికి గుమ్మంలో వినపడదు, రికార్డింగులో ఉండి తీరాలి. మా మనసులే కల్పించుకున్నాయనుకుంటే, నాకూ సూరిబాబు గారికీ సరే, అప్ప అంటే ఏమిటో తెలియని ఇద్దరు మనుషులు ఆ మాటే ఎందుకు కల్పించుకుంటారు? ఆవిడ ఒక్కరికే ఎందుకు వినపడలేదు? ఆ రోజు నుంచి ఈ ప్రశ్నల దగ్గరే ఉన్నాను. ముందుకు వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆదివారం నూకరత్నం గారిని అడిగాను, మీ తమ్ముడు మిమ్మల్ని ఏమని పిలిచేవాడని.

"అప్పా అనీవోడు. ఇంకేటంటాడు?" అన్నారు.

ఆవిడ అనుమతి తీసుకుని ఇద్దరికీ అసలు సంగతి రాశాను. అప్ప అంటే ఏమిటో కూడా రాశాను. వసుంధర గారు చాలా రోజులు జవాబు ఇవ్వలేదు. శేషగిరిరావు గారు ఆ రాత్రే ఒక్క వాక్యం రాశారు: "నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను."

ఆవిడకి అది ఊరటో, శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. పదకొండేళ్ళు ఆవిడ పట్టుకుని బతికింది ఒక్కటే, వాడికి వినపడలేదని. మేము నలుగురం విని, దాన్ని ఆవిడ దగ్గర నుంచి తీసేసుకున్నాం. ఒకసారి మాటల్లో ఆవిడే అన్నారు: "ఇనబడకపోతే వాడు ఒంటరిగా దిగినట్టు. ఇనబడితే నా దగ్గరికి వత్తా దిగినట్టు. ఏది మంచిదో మీరు సెప్పండి మేస్టారూ, సదువుకున్నారు కదా." ఆవిడ నా మొహం చూసి, "పోన్లెండి, ఇదేటి పరీచ్చా" అని తేల్చేశారు.

ఆ తర్వాత కూడా ఆవిడ సెంటర్‌కి వచ్చారు, కవితలు చెప్పారు. ఫ్యాక్టరీ మీద, మేనకోడలి మీద, సూరిబాబు గారి మీసాల మీద కూడా. అన్నీ నేనే కొట్టాను కాబట్టి నాకు తెలుసు: బేగి అన్న మాట మళ్ళీ ఒక్క కవితలోనూ రాలేదు.

సంకలనం మరుసటి ఏడాది వచ్చింది. నెల్లూరు ప్రెస్సులో కంపోజ్ చేసినతను మొదటి ప్రూఫులోనే మూడు చోట్లా దేవుడా అని దిద్దేశాడట, తన బాధ్యతగా. వసుంధర గారు సరిచేసి పంపారు. రెండో ప్రూఫులో మళ్ళీ దేవుడా అనే వచ్చింది. అప్పుడు ఆవిడ ప్రెస్సుకి స్వయంగా వెళ్ళి, ఆ పేజీ అంచున ఎర్ర సిరాతో 'అచ్చుతప్పు కాదు' అని మూడుసార్లు రాసి, అచ్చయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.

మొదటి ప్రతి నూకరత్నం గారి చేతిలో నేనే పెట్టాను. చేతులు చీరకి తుడుచుకుని తీసుకున్నారు. మొదటి పేజీ తెరిచి, నల్లటి వేలితో ఆ మాట కింద ఒకటి, రెండు, మూడు అని తాకారు. పైకి చదవలేదు. నేనూ చదవమనలేదు.

ఆ శబ్దం ఎక్కడిదో నేను చెప్పలేను. చెప్పగలిగినది లెక్క ఒక్కటే. ఆ కవితలో ఆ పేరు మూడు చోట్ల ఉంది. వేసినవి మూడు వందల ప్రతులు. మొత్తం తొమ్మిది వందల పిలుపులు.